విద్యుత్ పొదుపు – ప్రజల సంకల్పం

ఆధునిక జీవితం విద్యుత్తుతో విడదీయరానంతగా పెనవేసుకొనిపోయింది. స్విచ్చి నొక్కగానే దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. సింగరేణి గనుల్లో తవ్విన బొగ్గు రామగుండంలో మండితేనే ఆ వెలుగు సాధ్యమవుతున్నదన్న సంగతి సామాన్యంగా ఎవరికీ స్ఫురించదు. కుండలో నీరు తరిగితే ఇంట్లోవారు వెంటనే గమనిస్తారు. విద్యుత్తు ఎంత ఖర్చయిందో మాత్రం బిల్లు వచ్చేదాకా తెలియదు. కంటికి కనిపించని ఇటువంటి వస్తువును ప్రజలు తమంతట తాము పొదుపు చేస్తారా?

సుఖానికి అలవాటుపడిన మనిషి దానిని వదులుకోడని పలువురి అభిప్రాయం. జపాను అనుభవం ఇందుకు భిన్నంగా ఉంది. 2011 మార్చి 11న సంభవించిన భూకంపం, సునామీల వల్ల ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం దెబ్బతిన్నది. టోక్యో ప్రాంతంలో తీవ్రమైన విద్యుత్ కొరత ఏర్పడింది. ఆ వేసవిలో గరిష్ఠ వినియోగాన్ని 15 శాతం తగ్గించాలని ప్రభుత్వం నిర్ణయించింది. పెద్ద కర్మాగారాలకు, భారీ భవనాలకు అది చట్టబద్ధమైన ఆంక్ష. గృహస్థులకు మాత్రం అది విజ్ఞప్తి మాత్రమే. ఏ.సి.లను 28 డిగ్రీల వద్ద ఉంచారు. ఉద్యోగులు కోటు, టై విడిచి కార్యాలయాలకు వెళ్లారు. కార్ల కర్మాగారాలు శని, ఆదివారాలకు బదులు గురు, శుక్రవారాల్లో సెలవు పాటించాయి. ఫలితంగా టోక్యో ప్రాంతపు గరిష్ఠ వినియోగం ముందటి వేసవికంటె సుమారు 18 శాతం తగ్గింది.

ఈ విజయానికి మూడు కారణాలు కనిపిస్తాయి. కొరత ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. ఏమి చేయాలో స్పష్టంగా తెలిసింది. అన్నిటికంటె ముఖ్యంగా, భారాన్ని అందరూ పంచుకొన్నారు. పొరుగింట దీపతోరణాలు వెలుగుతుంటే తన ఇంటి దీపం ఆర్పడానికి ఎవరి మనస్సూ అంగీకరించదు.

అయితే ఆపద మేల్కొలిపిన నిగ్రహం కలకాలం నిలవదు. శ్మశాన వైరాగ్యం ఇల్లు చేరేదాకానే. కనుక సంకల్పానికి తోడుగా వ్యవస్థ ఉండాలి. మనదేశంలో స్టార్ గుర్తు గల గది ఏ.సి.లు 24 డిగ్రీల వద్ద ఆరంభమయ్యే ఏర్పాటుతో రావాలన్న నిబంధన 2020 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఉష్ణోగ్రతను మార్చుకొనే స్వేచ్ఛ వినియోగదారునికి ఉంది. మారినది ఆరంభస్థానం మాత్రమే. 2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా పథకం ద్వారా 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంపిణీ అయ్యాయి. రోజుకు ఐదు గంటలు వెలిగే 60 వాట్ల పాత బల్బు నెలకు 9 యూనిట్లు ఖర్చు చేస్తే, 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు ఒకటిన్నర యూనిట్లు కూడా కావు.

యంత్రం మారినంత మాత్రాన పొదుపు సిద్ధించదు. బొగ్గును సమర్థంగా వాడే యంత్రాలు వచ్చినకొద్దీ బొగ్గు వాడకం పెరుగుతుందని ఆంగ్ల ఆర్థికవేత్త జెవాన్స్ 1865లోనే హెచ్చరించాడు. ఖర్చు స్వల్పమే కదా అని రాత్రంతా దీపం వెలిగిస్తే పొదుపు తరిగిపోతుంది.

ఒక దీపం, ఒక ఫ్యానుతో వేసవిని గడిపే కుటుంబానికీ, ప్రతి గదిలో ఏ.సి. ఉన్న కుటుంబానికీ ఒకే నీతి బోధించడం న్యాయం కాదు. ఎండవేడికి తాళలేని వృద్ధులను ఫ్యాను ఆపమనడం పొదుపు కాదు, నిర్దయ. వినియోగం అధికంగా ఉన్నచోటనే పొదుపు మొదలు కావాలి.

విద్యార్థులు ఒక నెలపాటు ప్రతిరోజూ తమ ఇంటి మీటరు అంకెలను రాసిపెట్టుకొంటే, కనిపించని విద్యుత్తు కనిపించసాగుతుంది. ఏ రోజు ఎందుకు ఎక్కువ ఖర్చయిందో ఇంటిల్లిపాదీ ఆలోచిస్తారు. ఒకరి ఆజ్ఞతో ఆర్పిన దీపం ఆజ్ఞాపించినవారు వెళ్లగానే మళ్లీ వెలుగుతుంది. తెలిసి ఆర్పిన దీపం అలవాటుగా నిలుస్తుంది.

ప్రశ్నలు
1. జపాను ప్రజలు విద్యుత్ వినియోగాన్ని తగ్గించుకోగలగడానికి కారణాలను వివరించండి.
2. పొదుపుకు సంకల్పంతోపాటు వ్యవస్థ ఎందుకు అవసరమో తెలపండి.
3. ‘శ్మశాన వైరాగ్యం’ – ఈ పదబంధాన్ని సొంతవాక్యంలో ప్రయోగించండి.