నింపిన ఫారం కాగితం మీదికి పూర్తిగా రావాలంటే

ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపడం ఒక ఎత్తు, దాన్ని ప్రింటు తీయడం ఇంకో ఎత్తు. అడ్మిషన్ల రోజుల్లో నెట్ సెంటర్ల దగ్గర ఎక్కువగా ఆలస్యమయ్యేది ఈ రెండో పనిలోనే. చిరునామా సగమే వస్తుంది. టిక్ పెట్టిన గడి ఖాళీగా వస్తుంది. పేరులో ఒత్తు తెగిపోతుంది. చాలామంది వెంటనే ప్రింటర్‌ను అనుమానించి కాట్రిడ్జ్ బయటికి తీస్తారు. ఈ మూడింటికీ సాధారణంగా ప్రింటర్ కారణం కాదు. లోపం బ్రౌజర్ సెట్టింగుల్లోనో, ఆ పేజీని తయారుచేసిన తీరులోనో ఉంటుంది. వరసగా వెతికితే దొరుకుతుంది.

ముందుగా కాగితం ఖర్చు చేయకండి. కంట్రోల్, పీ మీటలు కలిపి నొక్కి, డెస్టినేషన్ దగ్గర ప్రింటర్ పేరు బదులు ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ ఎంచుకోండి. ఆ ఫైలు తెరిచి చివరిదాకా చూడండి. అందులో అంతా సరిగ్గా ఉండి కాగితం మీద మాత్రమే తప్పు వస్తుంటే, అప్పుడు ప్రింటర్ సంగతి చూడాలి. మొదట చూడవలసింది కాగితం సైజు. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. అమెరికా లెటర్ సైజు 216 వెడల్పు, 279 పొడవు. సెట్టింగుల్లో లెటర్ అని ఉండిపోతే పొడవులో 18 మిల్లీమీటర్లు తగ్గి, అడుగున ఉండాల్సిన సంతకం గడి రెండో పేజీకి జారిపోవచ్చు. పీడీఎఫ్‌లోనే తప్పు కనిపిస్తే ప్రింటర్ జోలికి వెళ్లక్కర్లేదు. పైగా ఆ ఫైలు ఉంటే మంచిదే. సెషన్ గడువు తీరి పేజీ మూసుకుపోయినా మీరు నింపిన వివరాలు చేతిలో ఉంటాయి.

టిక్కులు మాయమైతే ప్రింటు కిటికీలోనే ‘మోర్ సెట్టింగ్స్’ తెరిచి ‘బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్’ ముందు గుర్తు పెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో దీన్ని ‘ప్రింట్ బ్యాక్‌గ్రౌండ్స్’ అంటారు. ఇంకు ఆదా అవుతుందని బ్రౌజర్లు నేపథ్య రంగుల్ని మామూలుగా ప్రింటు చేయవు. బ్రౌజర్ సొంతంగా గీసే చెక్‌బాక్స్‌కు దీనివల్ల ఇబ్బంది లేదు. కానీ ఈ మధ్య అందం కోసం నీలం గడిలో తెల్ల టిక్ వచ్చేలా డిజైన్ చేస్తున్నారు. నీలం పోతే తెల్ల కాగితం మీద తెల్ల టిక్ మిగులుతుంది. ‘అవును’ అని చెప్పిన అభ్యర్థి ఏమీ చెప్పనట్టు కనిపిస్తాడు. పేజీ తయారుచేసేవాళ్లు ‘ప్రింట్ కలర్ అడ్జస్ట్’ను ‘ఎగ్జాక్ట్’ అని పెడితే రంగు నిలుస్తుంది. అంతకంటే ప్రింటులో టిక్‌ను నల్లగా మార్చి, గడికి నల్ల గీత ఇవ్వడం మేలు. నలుపు తెలుపు ప్రింటర్‌లో కూడా తేడా తెలుస్తుంది.

ఇక అసలు చిక్కు చిరునామా, ఫిర్యాదు వివరాలు వంటివి రాసే పెద్ద గడిది. దాన్ని టెక్స్ట్ ఏరియా అంటారు. దానికి మూడు వరసల ఎత్తు ఇచ్చారనుకోండి. మీరు ఏడు వరసలు టైపు చేస్తారు. తెరమీద పక్కన స్క్రోల్ బార్ వస్తుంది కనుక పైకీ కిందికీ జరిపి చదువుకుంటారు. ప్రింటు కొట్టినప్పుడు బ్రౌజర్ ఆ గడిని ఉన్న ఎత్తుతోనే గీస్తుంది. గడిలో పట్టే మూడు వరసలే వస్తాయి, మిగతా నాలుగు రావు. ఊరు, మండలం, పిన్‌కోడ్ రాసేది చివర్లోనే కాబట్టి చాలాసార్లు అవే పోతాయి. ఏ హెచ్చరికా రాదు. స్కేల్ తగ్గించినా లాభం లేదు, గడీ అక్షరాలూ కలిసే చిన్నవవుతాయి, దాగిన వరసలు దాగే ఉంటాయి. మీరు చేయగలిగింది ఒకటుంది. గడి కింద కుడి మూలన చిన్న ఏటవాలు గీతలు కనిపిస్తాయి. మౌస్‌తో పట్టుకుని, స్క్రోల్ బార్ పోయేదాకా కిందికి లాగి అప్పుడు ప్రింటు ఇవ్వండి. ఆ గీతలు లేకుంటే, సబ్మిట్ చేశాక వచ్చే వివరాల పేజీ కోసం చూడండి. అందులో జవాబులు మామూలు అక్షరాలుగా ఉంటే ఈ బాధ ఉండదు.

గడి ఉన్నది టైపు చేయడానికి. కాగితం మీద కావలసింది గడి కాదు, జవాబు. ఫారాలు రాసే ప్రోగ్రామర్లందరికీ నేను గట్టిగా చెప్పదలచింది ఇదే. ప్రతి టెక్స్ట్ ఏరియా పక్కన ప్రింటులో మాత్రమే కనిపించే మామూలు డివ్ ఒకటి పెట్టండి. ‘బిఫోర్‌ప్రింట్’ ఈవెంట్ రాగానే గడిలోని మాటల్ని అందులోకి టెక్స్ట్‌గా కాపీ చేయండి. ‘వైట్ స్పేస్’ను ‘ప్రీ ర్యాప్’ అని పెడితే ఎంటర్ కొట్టిన చోటల్లా వరస విరుగుతుంది. ‘మీడియా ప్రింట్’ నియమాల్లో గడిని దాచి డివ్‌ను చూపించండి. ఇలా ప్రింటుకు వేరే నియమాలు రాసే సదుపాయం 1998 నాటి సీఎస్ఎస్ 2లోనే ఉంది. రాతను బట్టి గడి తనే పెరిగే ‘ఫీల్డ్ సైజింగ్’ అనే కొత్త పద్ధతి 2024లో క్రోమ్‌లోకి వచ్చింది, కానీ పాత బ్రౌజర్లకు అది తెలియదు. ఒంటి వరస గడులకూ, డ్రాప్‌డౌన్లకూ ఈ కాపీ పద్ధతే వాడండి. పొడుగాటి కాలేజీ పేరు డ్రాప్‌డౌన్ వెడల్పు దగ్గర తెగుతుంది, తెగిన పేర్లు రెండు ఒకేలా కనిపిస్తే ఏది ఎంచుకున్నారో చెప్పలేం. ఖాళీ గడిలో లేతగా ఉండే నమూనా రాతను ప్రింటులో తీసేయండి. నలుపు తెలుపు కాగితం మీద అది జవాబే అనిపిస్తుంది.

కొన్ని పేజీల్లో ‘ప్రింట్’ అనే బటన్ నొక్కితే కొత్త కిటికీ తెరుచుకుని, అందులో ఫారం మొత్తం ఖాళీగా వస్తుంది. బటన్ వెనక రాసిన కోడ్ ఫారం హెచ్‌టీఎంఎల్‌ను ఎత్తి కొత్త కిటికీలో పోస్తుంది. హెచ్‌టీఎంఎల్‌లో ఉండేది గడి తొలి విలువ మాత్రమే. మీరు టైపు చేసినది బ్రౌజర్ మెమరీలో విడిగా ఉంటుంది, అది వెంట రాదు. ఇలాంటి చోట బటన్‌ను వదిలేసి అసలు పేజీలోనే కంట్రోల్, పీ వాడండి. తయారుచేసేవాళ్లకు కొత్త కిటికీ అవసరమే లేదు, ఉన్న పేజీకే ప్రింటు నియమాలు రాస్తే చాలు.

తెరమీద రెండు నిలువు వరుసల్లో ఉన్న ఫారం కాగితం మీద ఒకే నిలువు వరుసగా సాగి నాలుగు పేజీలైతే, అది కొలతల సంగతి. బ్రౌజర్ లెక్కలో అంగుళానికి 96 పిక్సెళ్లు. ఏ4 వెడల్పు సుమారు 794 పిక్సెళ్లు, అటూ ఇటూ 10 మిల్లీమీటర్ల మార్జిన్ తీస్తే మిగిలేది 718. చాలా సైట్లు 768 కంటే తక్కువైతే మొబైల్ అమరికలోకి మారతాయి. అంటే కాగితాన్ని కూడా పేజీ ఒక ఫోన్ అనుకుంటుంది. స్కేల్‌ను 80కి తగ్గిస్తే చాలాసార్లు కుదురుకుంటుంది. ఒక్క పేజీయే వచ్చి మిగతావి రాకపోతే, ఫారాన్ని తెర ఎత్తుకు బిగించి లోపల స్క్రోల్ పెట్టారని అర్థం. ప్రింటు నియమాల్లో ఆ ఎత్తునూ ఓవర్‌ఫ్లోనూ విప్పేయాలి. పైన అంటుకుని ఉండే మెనూ పట్టీ ప్రతి పేజీలోనూ వచ్చి ఒక వరసను కప్పేయవచ్చు, దాన్నీ దాచాలి.

తెలుగు ఫారాలకు ఇంకొక బెడద. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా 20 పిక్సెళ్ల ఎత్తు బిగించిన గడిలో ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’, ‘కృష్ణమూర్తి’ రాసి చూడండి. కింద వేలాడే ఒత్తులూ వట్రసుడీ గడి అంచు దగ్గర కత్తిరించుకుపోతాయి. గడి తన హద్దు దాటినదాన్ని చూపించదు. ‘ష్ట్ర’లో ఒత్తులు పోతే ‘ష’ మాత్రమే మిగిలి పేరే మారిపోతుంది. ఎత్తు బిగించడం మానేసి పైనా కిందా ప్యాడింగ్ ఇవ్వాలి, లైన్ హైట్ 1.6 దాకా పెంచాలి. వెబ్ ఫాంట్ వాడుతుంటే అది పూర్తిగా దిగాకే ప్రింటు కిటికీ తెరవాలి. లేకుంటే వేరే ఫాంట్‌తో కొలతలు మారిపోతాయి.

ఇవన్నీ సరిచూడటానికి ప్రతిసారీ ప్రింటు కొట్టనక్కర్లేదు. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, రెండరింగ్ పలకలో మీడియాను ‘ప్రింట్’ అని మార్చి, కిటికీని 718 పిక్సెళ్లకు కుదిస్తే కాగితం రూపం తెరమీదే చాలావరకు కనిపిస్తుంది. పేజీ ఎక్కడ విరుగుతుందో మాత్రం ప్రివ్యూలోనే చూడాలి. పరీక్షకు ‘టెస్ట్’ అని ఒక్క మాట కొట్టి వదిలేయకండి. ఏడు వరసల చిరునామా, మూడు ఒత్తులున్న పేరు, జాబితాలో అన్నిటికంటే పొడుగాటి కాలేజీ పేరు వేసి, నలుపు తెలుపులో ఒక కాపీ తీసి, తెరమీది వివరాలతో ఒక్కో గడీ పోల్చి చూడండి.