రూపాయ – పౌను : మారకపు వెల చరిత్రము

ఒక దేశపు నాణెమునకు మరియొక దేశపు నాణె మెంత వచ్చునో తెలుపు లెక్కకు మారకపు వెల యని పేరు. ఇది వర్తకులకును బ్యాంకులకును మాత్రమే పట్టిన విషయమని పలువురు తలంతురు. కాని శిస్తు చెల్లించు రైతును గాని, బజారులో గుడ్డ కొను గృహస్థును గాని యీ వెల తాకక విడువదు. తెలుగువారి కిది క్రొత్త సంగతియు గాదు. హైదరాబాదు సంస్థానమున హాలీ సిక్కా చెలామణి యగుచున్న కాలమున, ఆంగ్ల ప్రభుత్వపు కల్దారు రూపాయలు నూటికి హాలీ రూ. 116–10–8 లెక్క కట్టుచుండిరి. పొలిమేర దాటినవా డెల్ల నీ లెక్క నెఱిగియుండవలసినదే. అంతకంటె విస్తారమైన కథ రూపాయకును ఇంగ్లీషు పౌనుకును నడచినది.

రెండు నాణెముల పుట్టుక

రూపాయ యను పేరు వెండిని దెలుపు ‘రూప్య’ శబ్దమునుండి వచ్చినది. 16వ శతాబ్దమున షేర్‌షా సుమారు 178 గ్రెయిన్ల తూకముగల వెండి రూపాయను ముద్రింపించెను. 1835లో ఈస్టిండియా కంపెనీవారు తమ రాజ్యమంతటికి నొకే రూపాయ నేర్పఱచిరి. దాని తూకము 180 గ్రెయిన్లు. అందు మేలిమి వెండి 165 గ్రెయిన్లు. పౌను సయితము మొదట వెండి లెక్కయే. ఒక పౌను తూకపు వెండినుండి 240 పెన్నీలు కొట్టుటచేత నా పేరు గలిగెను. కాని 1816 నాటి శాసనముతో ఇంగ్లండు బంగారమును ప్రమాణముగా గ్రహించెను. ఇట్లు ఒకటి వెండిపై నిలిచెను, ఒకటి బంగారముపై నిలిచెను. కావున రెంటి మారకపు వెల యనగా వెండి బంగారముల మారకపు వెలయే.

వెండి పతనము

1870 ప్రాంతమువఱకు రూపాయ వెల దాదాపు 2 షిల్లింగులు, అనగా 24 పెన్సులు. పౌనుకు సుమారు పది రూపాయలు. పిమ్మట జర్మనీ బంగారపు నాణెమును స్వీకరించి తన వెండి నమ్మజొచ్చెను. అమెరికా గనులనుండి వెండి వెల్లువగా వచ్చెను. వెండితో బాటు రూపాయయు దిగజారి 1892–93 నాటికి 15 పెన్సుల చేరువకు వచ్చెను.

దీని ఫలిత మెట్టిదో చూతము. భారత ప్రభుత్వము లండనులో రైల్వే ఋణములపై వడ్డీలు, ఉద్యోగుల పింఛనులు, సైనిక వ్యయములు పౌనులలో చెల్లింపవలసియుండెను. ఒక కోటి పౌనులకు 24 పెన్సుల చొప్పున పదికోట్ల రూపాయలు చాలును. 15 పెన్సుల చొప్పున పదునాఱు కోట్లు కావలెను. ఆ యధికభారము పన్ను చెల్లించువానిదే గదా! మఱియొక పక్క, విదేశములకు సరకు పంపువారికి పౌనుకు ఎక్కువ రూపాయలు ముట్టుచుండెను.

1893లో హెర్షెల్ సంఘము సలహాపై టంకశాలలను ప్రజల వెండికి మూసివేసిరి. అంతవఱ కెవరైనను వెండిని గొనిపోయి రూపాయలుగా ముద్రింపించుకొనవచ్చును. కావున ఇంటనున్న వెండి నగ రూపాయతో సమానము. మూసివేతతో రూపాయలు అరుదై వాని వెల వెండి వెలను మించెను. నగల రూపమున కూడబెట్టుకొన్న బీదలకు నష్టము వాటిల్లెను. 1899లో సవరను నాణెమునకు 15 రూపాయలు, అనగా రూపాయకు 16 పెన్సులు, శాసనసిద్ధ మయ్యెను.

పదునాఱా? పదునెనిమిదా?

మొదటి ప్రపంచయుద్ధ కాలమున వెండి ప్రియమై రూపాయ పైకెగసెను. 1920లో దానిని బంగారపు 2 షిల్లింగులకడ నిలుప యత్నించి ప్రభుత్వమువారు విఫలులైరి. 1926లో హిల్టన్ యంగ్ కమీషను 18 పెన్సులను సూచించెను. సభ్యులలో నొకరగు పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ 16 పెన్సులే యుండవలెనని భిన్నాభిప్రాయము వ్రాసెను.

రెండు పెన్సులకై యింత వివాద మేల యని సందేహింపవచ్చును. లండనులో 90 పౌనులకు అమ్ముడుపోయిన వేరుసెనగకు 16 పెన్సుల చొప్పున 1,350 రూపాయలు వచ్చును. 18 పెన్సుల చొప్పున 1,200 మాత్రమే. రైతు శిస్తును, అప్పును తగ్గవు. సీమగుడ్డ మాత్రము చౌకయై దేశీయ మిల్లులకు పోటీ హెచ్చును. ధరలు క్రమముగా సర్దుకొనునని ప్రభుత్వపక్షమువారి వాదము. 1927లో 18 పెన్సులే శాసనమయ్యెను, పౌనుకు రూ. 13–5–4. ఆవల రెండేండ్లకే లోకమంతట పంటల ధరలు పడిపోయెను. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారమును విడిచినను రూపాయ పౌనును విడువలేదు. బంగారము ప్రియమగుటచేత, అప్పులలో మునిగిన కుటుంబములు ఆడువారి నగల నమ్ముకొనగా నా బంగారము ఓడలకెక్కి పోయెను.

స్వాతంత్ర్యానంతరము

1949 సెప్టెంబరులో పౌను వెల డాలరులలో తగ్గింపగా రూపాయయు నంతే తగ్గెను. రెంటి పరస్పర నిష్పత్తి మాఱలేదు. 1966 జూన్ 6వ తేదీన భారతదేశము రూపాయ వెలను తగ్గింపగా పౌనుకు 21 రూపాయ లయ్యెను. 1967లో పౌను మరల తగ్గినప్పుడు రూపాయ దానిని వెంబడింపలేదు. పౌను 18 రూపాయలకు దిగెను. 1975 సెప్టెంబరులో రూపాయ పౌనుతోడి ముడిని త్రెంచుకొని పలు దేశముల నాణెముల సముదాయముతో ముడివడెను. 1993నుండి దాని వెల ప్రధానముగా విపణియందే నిర్ణయ మగుచున్నది.

ఈ చరిత్రమువలన మనము గ్రహింపవలసిన దేమనగా, రూపాయ హెచ్చుట యెల్లప్పుడు లాభము గాదు, తగ్గుట యెల్లప్పుడు నష్టము గాదు. కొనువాడొకడు, అమ్మువాడొకడు, ఒకని లాభ మింకొకని నష్టము. మారకపు వెల మాఱినదని వినినప్పుడు, ఎవరు చెల్లింతురు, ఎవరు పుచ్చుకొందురు అను రెండు ప్రశ్నలను వేసికొనిన విద్యార్థి కీ శాస్త్రమున సగము బోధపడినట్లే.