షటిల్ బ్యాటు అసలు ధర

నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక కుట్టు మిషను ఉంది. దాని మీద పని చేసే ఆమెను అందరూ టైలరక్క అంటారు. ఆమె జాకెట్లు కుడుతుంది, స్కూలు డ్రెస్సులు కుడుతుంది. రెండేళ్ళ కిందట రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు కొలతలు తనే రాసుకుంటుంది. బిల్లులు తనే చదువుతుంది.

ఆమె కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. షటిల్ బాగా ఆడుతుంది. ఒకరోజు ఆటలో బ్యాటు నేలకు గట్టిగా తగిలింది. ఫ్రేము విరిగింది. జిల్లా పోటీలకు ఇంకా ఇరవై రోజులే ఉంది.

టైలరక్క దగ్గర ఏడు వేల రూపాయలు ఉన్నాయి. మిషనుకు మోటారు పెట్టిద్దామని ఏడాదిగా కూడబెట్టిన డబ్బు అది. మోటారు ఉంటే కాళ్ళ నొప్పి తగ్గుతుంది. రోజుకు నాలుగు జాకెట్లు ఎక్కువ కుట్టవచ్చు.

"అమ్మా, మంచి బ్యాటు ఆబిడ్స్‌లో ఆరు వేలట" అంది కూతురు.

పక్కింటి కుర్రవాడు అక్కడే ఉన్నాడు. వెంటనే ఫోను తీశాడు.

"ఆరు వేలెందుకక్కా? ఇగో చూడు. గదే బ్యాటు. వేరే దేశం నుంచి వస్తది. నాలుగు వేలే! నేను బూట్లు గట్లనే తెప్పించుకుంటున్న."

నాలుగు వేలు! రెండు వేలు మిగులుతాయి. కూతురు ముఖం వెలిగింది. కాని టైలరక్క తొందరపడలేదు.

"రేపు శనివారం. జి.పి.ఓ.కు పోయే పని ఉంది. ఆడ పెద్దయ్యను ఒక మాట అడుగుదాం" అంది.

జి.పి.ఓ. దగ్గర

నాంపల్లి స్టేషను నుంచి ఆబిడ్స్ జి.పి.ఓ.కు నడిచి పోవచ్చు. జి.పి.ఓ. అంటే పెద్ద పోస్టాఫీసు. దాని ముందు చౌరస్తాలో నెహ్రూ విగ్రహం ఉంటుంది.

పోస్టాఫీసు బయట ఒక పెద్దాయన కూర్చుంటాడు. ఆయన టపా శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. చదువు రానివాళ్ళకు ఫారాలు రాసిపెడతాడు. టైలరక్క ఒకప్పుడు మనియార్డరు ఫారం ఆయనతోనే రాయించుకునేది. ఇప్పుడు తనే రాసుకుంటుంది. అది చూసి పెద్దాయనకు సంతోషం.

ముగ్గురూ వెళ్ళి సంగతి చెప్పారు.

పెద్దాయన నవ్వాడు. "అమ్మా, ఫోనులో కనపడేది వాళ్ళ దుకాణం ధర. మన గుమ్మం ధర వేరు. నేను చెప్పను. నువ్వే రాయి. లెక్క నువ్వే కట్టు" అని కాగితం, పెన్ను ఇచ్చాడు.

లెక్క

"వేరే దేశం నుంచి వచ్చే సరుకును దిగుమతి అంటారు" అన్నాడు పెద్దాయన. "అది విమానంలోనో ఓడలోనో వస్తుంది. ముందు కస్టమ్స్ వాళ్ళు చూస్తారు. దాని మీద సుంకం వేస్తారు. తర్వాతే మన చేతికి వస్తుంది."

"సుంకం నాలుగు వేల మీదనేనా?" అని అడిగింది టైలరక్క.

"కాదమ్మా. వస్తువు ధరకు రవాణా ఖర్చు కలుపుతారు. బీమా ఉంటే అదీ కలుపుతారు. ఆ మొత్తం మీద సుంకం వేస్తారు. ఆ సుంకాన్ని కూడా కలిపి, దాని మీద జి.ఎస్.టి. వేస్తారు."

"అంటే పన్ను మీద పన్నా!"

"అంతే. రాయి."

సుంకం రేటు అన్నిటికీ ఒకటి కాదు. బడ్జెట్ వచ్చినప్పుడు మారుతూ ఉంటుంది. లెక్క నేర్చుకోవడానికి సుంకం నూటికి 20, జి.ఎస్.టి. నూటికి 18 అనుకున్నారు. మిగిలిన ఖర్చులు కూడా అలాగే అనుకుని వేశారు. టైలరక్క ఇలా రాసింది:

బ్యాటు ధర: 4,000
రవాణా: 1,200
రెండూ కలిపి: 5,200
సుంకం, నూటికి 20 చొప్పున: 1,040
అప్పటికి: 6,240
జి.ఎస్.టి., నూటికి 18 చొప్పున: 1,123
అప్పటికి: 7,363
పరాయి దేశం డబ్బులో కట్టినందుకు బ్యాంకు రుసుము: 156
పార్సిలు విడిపించినందుకు కొరియరు రుసుము: 300
అప్పటికి: 7,819

"ఇంకొకటి ఉందమ్మా" అంది కూతురు మెల్లగా. "ఫోన్ల బ్యాటుకు తీగలు లేవు. గటింగు వేరే చేయించాలె."

టైలరక్క గటింగుకు 500 వేసింది. మొత్తం కూడింది. 8,319 రూపాయలు!

కాగితం వంక ముగ్గురూ చూశారు. నాలుగు వేల బ్యాటు ఎనిమిది వేలు దాటింది. ఆబిడ్స్‌లో అదే బ్యాటు ఆరు వేలు.

"మరి ఆబిడ్స్ దుకాణమాయన తక్కువకు ఎట్ల ఇస్తడు?" అన్నాడు కుర్రవాడు.

"ఆయన వస్తువు కూడా దిగుమతి అయినదే కావచ్చు. దానికీ సుంకం పడింది. కాని వాళ్ళు ఒకేసారి వందల బ్యాట్లు తెప్పిస్తారు. రవాణా ఖర్చు అన్నిటి మీదా పంచుకుపోతుంది. నీ ఒక్క బ్యాటు మొత్తం ఖర్చు ఒక్కటే మోయాలి. ఇక్కడి ధరలో సుంకం, పన్ను కలిసే ఉంటాయి. ఫోనులో ధరకు అవి తర్వాత వచ్చి కలుస్తాయి. తేడా అదే."

గిఫ్టు అని రాయిస్తే?

కుర్రవాడు ఊరుకోలేదు. "గిఫ్టు అని రాసి పంపమంటే సుంకం పడదటగా?"

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఒకప్పుడు తక్కువ విలువ గల కానుకలకు మినహాయింపు ఉండేది. కొందరు అమ్మిన సరుకును కూడా కానుక అని పంపడం మొదలుపెట్టారు. అందుకే 2019 డిసెంబరులో ప్రభుత్వం ఆ దారి మూసింది. టపాలో, కొరియరులో వచ్చే కానుకలకు ఇప్పుడు సుంకం కట్టాల్సిందే. రాఖీలకు, ప్రాణం కాపాడే మందులకు మాత్రం మినహాయింపు ఉంది. ధర తక్కువ రాయించినా తప్పే. సరుకు పట్టుకోవచ్చు, జరిమానా వేయవచ్చు."

అన్ని సరిహద్దులూ ఒకటి కావు

"కొన్ని దేశాల నుంచి అసలు తెప్పించలేం" అన్నాడు పెద్దాయన.

పాకిస్తాన్‌లో సియాల్‌కోట్ అనే ఊరు ఉంది. ఫుట్‌బాళ్ళకు ఆ ఊరు ప్రపంచమంతా పేరు పొందింది. 1947లో దేశం విడిపోయింది. అప్పుడు సియాల్‌కోట్‌లో ఆట సామాను చేసేవాళ్ళు చాలామంది ఇటు వచ్చారు. జలంధర్‌లో, మీరట్‌లో స్థిరపడ్డారు. తమ చేతిపనిని వెంట తెచ్చుకున్నారు. ఈ రోజు మనం కొనే క్రికెట్ బ్యాట్లు, బంతులు చాలావరకు ఆ ఊళ్ళ నుంచే వస్తాయి.

2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి జరిగింది. తర్వాత పాకిస్తాన్ సరుకు మీద మన ప్రభుత్వం నూటికి 200 సుంకం వేసింది. అంటే వంద రూపాయల బంతికి రెండు వందల సుంకం. 2025 మే నెలలో ఆ దేశపు సరుకును పూర్తిగా ఆపేసింది. వేరే దేశం మీదుగా తేవడానికి కూడా వీలు లేదంది. టపా, పార్సిళ్ళు కూడా ఆపేసింది.

2020లో చైనా సరిహద్దులో గొడవ జరిగింది. ఆ ఏడాది చాలా చైనా యాప్‌లను మన ప్రభుత్వం నిషేధించింది. సామాను అమ్మే అలీఎక్స్‌ప్రెస్ అనే యాప్ కూడా అందులో ఉంది.

అందుకే ఏ దేశం నుంచి వస్తుందో ముందే చూసుకోవాలి.

ఫోను మోగింది

ఇంతలో కుర్రవాడి ఫోను మోగింది. అతను విన్నాడు. ముఖం పాలిపోయింది.

"కస్టమ్స్ ఆఫీసు నుంచట. నా బూట్ల పార్సిలు ఆగిందట. రెండున్నర వేలు ఇప్పుడే ఫోన్ల పంపాలట. లేకపోతే పోలీసులు వస్తరట!"

అతని వేలు డబ్బు పంపే గుర్తు మీద ఉంది. టైలరక్క అతని చేయి పట్టుకుంది. "ఆగు తమ్మీ!"

"పంపకు" అన్నాడు పెద్దాయన. "కస్టమ్స్ వాళ్ళు ఫోను చేసి ఒక మనిషి ఖాతాలో డబ్బు వేయమనరు. సుంకం ప్రభుత్వానికి పోతుంది. దానికి కాగితం ఉంటుంది, రసీదు ఉంటుంది. కస్టమ్స్ శాఖ పంపే కాగితం మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని వాళ్ళ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. భయపెట్టి, తొందరపెట్టి అడిగితే మోసమే."

కుర్రవాడు ఫోను పెట్టేశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. అతని నెల జీతంలో ఆ డబ్బు చాలా ఎక్కువ.

"ఒకవేళ డబ్బు పోయిందనుకో. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే అంత మంచిది. పోయిన డబ్బును దారిలో ఆపే అవకాశం ఉంటుంది" అన్నాడు పెద్దాయన.

ఆబిడ్స్ దుకాణంలో

అక్కడి నుంచి తల్లీకూతుళ్ళు ఆట సామాను దుకాణానికి వెళ్ళారు. ఆబిడ్స్‌లో, ఎల్.బి. స్టేడియం దగ్గర అలాంటి దుకాణాలు ఉన్నాయి.

దుకాణదారు ఆరు వేల బ్యాటు తీశాడు. తర్వాత పిల్ల చేయి చూశాడు. ఇంకో బ్యాటు తీశాడు.

"ఇది పట్టుకుని చూడమ్మా."

పిల్ల రెండూ తిప్పి చూసింది. రెండోది తేలికగా ఉంది. పిడి చేతిలో సరిగ్గా ఇమిడింది. దాని మీద 4యూ అని రాసి ఉంది. అంటే బరువు సుమారు 80 నుంచి 84 గ్రాములు. దాని ధర 3,200.

"ఆరు వేలది గట్టి చేయి ఉన్నవాళ్ళకు. ఈ వయసుకు ఇదే మంచిది" అన్నాడు దుకాణదారు.

ఫోనులో చూసినప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చేతితో పట్టుకుంటేనే తెలిసింది.

టైలరక్క లేబులు చదివింది. ధర చూసింది. అన్ని పన్నులూ కలిపి అని ఉంది. దిగుమతి చేసినవారి పేరు, చిరునామా ఉన్నాయి. బేరం చేసి మూడు వేలకు తెచ్చింది. గటింగు కూడా అందులోనే చేయమంది. దుకాణదారు ఒప్పుకున్నాడు.

"బిల్లు ఇయ్యి సేటూ" అంది. బిల్లు చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

నాలుగు వేలు మిగిలాయి. మోటారుకు ఇంకా కొంచెం కూడబెడితే చాలు.

మరునాడే పిల్ల కొత్త బ్యాటుతో ఆడటం మొదలుపెట్టింది. పోటీలనాటికి చేతికి బాగా అలవాటైంది.

కుర్రవాడి బూట్లు పోటీలు అయిపోయాక వచ్చాయి. సుంకం కట్టి రసీదు తీసుకున్నాడు. తొడిగితే బిగుతు! ఒక్కో దేశంలో బూట్ల నంబర్లు ఒక్కో విధంగా ఉంటాయి. వెనక్కి పంపాలంటే రవాణా ఖర్చు అతనిదే. అది బూట్ల ధరలో సగం. కట్టిన సుంకం తిరిగి రాబట్టడం కూడా తేలిక కాదు. చివరికి వాటిని తమ్ముడికి ఇచ్చాడు.

గుర్తుంచుకోండి

బయటి దేశం నుంచి తెప్పించడం తప్పు కాదు. ఇక్కడ దొరకని వస్తువు అయితే తెప్పించుకోవచ్చు. కాని ముందు ఈ పనులు చేయాలి:

1. ధర, రవాణా, సుంకం, జి.ఎస్.టి., బ్యాంకు రుసుము, కొరియరు రుసుము అన్నీ కూడాలి.
2. సుంకం ఎంతో ఆ రోజు రేటు కనుక్కోవాలి.
3. ఎన్ని రోజులకు వస్తుందో అడగాలి. మన అవసరం ఎప్పుడో చూసుకోవాలి.
4. నచ్చకపోతే వెనక్కి పంపే ఖర్చు ఎవరిదో చదవాలి.
5. అదే వస్తువు మన బజారులో ఎంతో అడగాలి.
6. బిల్లు, రసీదు దాచుకోవాలి.

కొన్న వస్తువులో మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది వినియోగదారుల సహాయ నంబరు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్ళలోపు చేయాలి. ఐదు లక్షల రూపాయల వరకు కొన్నవాటికి ఫీజు లేదు. అయితే అమ్మినవాళ్ళు వేరే దేశంలో ఉంటే వాళ్ళ చేత డబ్బు కట్టించడం కష్టం. అందుకే ముందు జాగ్రత్త మేలు.

కొత్త మాటలు

దిగుమతి: వేరే దేశం నుంచి సరుకు మన దేశానికి రావడం
సుంకం: దిగుమతి సరుకు మీద ప్రభుత్వం వేసే పన్ను
రుసుము: చేసిన పనికి తీసుకునే డబ్బు, ఫీజు
మినహాయింపు: కట్టనవసరం లేదని విడిచిపెట్టడం

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఫోనులో నాలుగు వేలు ఉన్న బ్యాటు ఎనిమిది వేలు ఎందుకు దాటింది?
2. కుర్రవాడికి వచ్చిన ఫోను మోసమని ఎలా తెలిసింది?
3. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి ఫోను వచ్చిందా? అప్పుడు ఏం చేశారు?
4. ఆరు వేల బ్యాటు కంటే మూడు వేల బ్యాటు ఆ పిల్లకు ఎందుకు మంచిది?

లెక్క చేయండి

ఒక జత బూట్ల ధర 2,000 రూపాయలు. రవాణా 500 రూపాయలు. సుంకం నూటికి 20, జి.ఎస్.టి. నూటికి 18 అనుకోండి. బూట్లు ఇంటికి చేరేసరికి ఎంత అవుతుంది? మీరే కాగితం మీద రాసి కట్టండి. తర్వాత పక్కవారి లెక్కతో సరిచూసుకోండి.

జవాబు: 3,540 రూపాయలు.