'నెక్స్ట్' కొడితే ప్రోగ్రామ్ చేజారిపోతోంది!

ప్రశ్న: సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్‌ను జీడీబీ డీబగ్గర్‌లో ఒక్కో లైనూ నడిపిస్తున్నాను. ఎక్సెప్షన్ విసిరే ఫంక్షన్ మీద 'నెక్స్ట్' కొట్టగానే ఆగకుండా చివరిదాకా పరుగెడుతోంది. ఎందుకండీ?

జవాబు: తప్పు మీది కాదు. 'నెక్స్ట్' అంటే, ఫంక్షన్ తిరిగొచ్చే చోట జీడీబీ తాత్కాలికంగా బ్రేక్‌పాయింట్ పెట్టి కాపు కాస్తుంది. ఎక్సెప్షన్ ఆ దారిన రాదు. స్టాక్‌ను విప్పుకుంటూ నేరుగా క్యాచ్ బ్లాక్‌లో దిగుతుంది. ఆ చోటు జీడీబీకి లిబ్‌జీసీసీ (జీసీసీ రన్‌టైమ్ లైబ్రరీ) ద్వారా తెలిస్తే సరి, లేకుంటే కాపలా వృథా.

అందుకే ముందుగానే 'క్యాచ్ త్రో', 'క్యాచ్ క్యాచ్' ఆదేశాలివ్వండి. మొదటిది ఎక్సెప్షన్ విసిరిన క్షణాన ఆపుతుంది. అక్కడ 'బ్యాక్‌ట్రేస్' తప్పక చూడండి, స్టాక్ విప్పుకున్నాక ఆ ఆధారం దొరకదు! రెండోది ఎక్సెప్షన్‌ను పట్టుకునేటప్పుడు ఆపుతుంది, అక్కడ 'ఫినిష్' కొడితే మీ క్యాచ్ బ్లాక్‌లో తేలతారు. ఇక, నడిపేటప్పుడు లైన్లు ముందుకూ వెనక్కీ దూకుతుంటే ఆప్టిమైజేషన్ ఆపి మళ్లీ కంపైల్ చేయండి.