ముడత చూసి కషాయం కొట్టకండి, ముందు కాళ్లు లెక్కపెట్టండి



మిరపలో ఆకు ముడుచుకోగానే డ్రమ్ములో ఏ కషాయం ఉంటే అది ఎత్తి కొట్టేస్తాం. ముడత అనేది పురుగు పేరు కాదండీ, పురుగు చేసిన పని పేరు. ఆ పని చేసింది ఎవరో దాని ఒంటి తీరు చూస్తేనే తెలుస్తుంది. ఈ వీడియో మొత్తం దాని గురించే. పది రెట్లు పెద్దదిగా చూపించే చేతి భూతద్దం ఒకటి జేబులో పెట్టుకోండి, చాలు.

డిప్లొమాలో మొదటి పాఠం ఇదే: కీటకం ఒళ్లు మూడు ముక్కలు. తల, రొమ్ము, పొట్ట. కాళ్లు ఆరు, అవన్నీ రొమ్ముకే ఉంటాయి. రెక్కలుంటే అవీ రొమ్ముకే. తలకి ఒక జత మీసాలు. పరీక్ష కోసం బట్టీ పట్టే ఈ నాలుగు ముక్కలే చేలో డబ్బు మిగిలిస్తాయి.

మిరపలో ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే అది పై ముడత, తామర పురుగు పని. అంచులు కిందికి వంగి బోర్లించిన పడవలా అయ్యి, తొడిమ ఎలుక తోకలా సాగితే అది కింది ముడత, నల్లి పని. తామర పురుగుకి ఆరు కాళ్లు, అది కీటకం. నల్లికి ఎనిమిది కాళ్లు, మీసాల్లేవు, రెక్కల్లేవు. అది సాలీడు బంధువు, కీటకమే కాదు. (గుడ్డులోంచి అప్పుడే వచ్చిన నల్లి పిల్లకి ఆరే కాళ్లుంటాయి. అందుకే ఒక్కదాన్ని చూసి తేల్చేయకండి, నాలుగైదు చూడండి.)

రెక్కల మాట ఎందుకంటే, నీలం రంగు జిగురు అట్టలు తామర పురుగుకి పెడతాం, ఎగిరొచ్చి అంటుకుంటుంది. నల్లికి రెక్కలే లేనప్పుడు అట్ట ఏం చేస్తుంది? కింది ముడత ఉన్న తోటలో అట్టలకి పెట్టిన డబ్బు దండగ. నల్లి గాలికి, మన బట్టలకి, ఆఖరికి తెల్లదోమ కాళ్లు పట్టుకుని కూడా ఊరేగుతుంది. మిరప నల్లి చాలా చిన్నది, మిల్లీమీటరులో అయిదో వంతు. లేత ఆకు తిరగేసి ఓపిగ్గా చూడాలి.

తామర పురుగు నోరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దానికి దవడ ఒక్కటే, ఎడమది. దాంతో ఆకు పైపొర గీకి, కారిన రసం పీలుస్తుంది. ఆకు మీద వెండి మచ్చలు అందుకే. పొట్ట చివర రంపంలాంటి గొట్టం ఉంటుంది. దాంతో ఆకులో చీలిక చేసి గుడ్డు లోపల దాస్తుంది. నీమాస్త్రం పైన తడుస్తుంది, గుడ్డుకి తగలదు. నాలుగైదు రోజులకి పిల్లలు బయటికొస్తాయి. "కొట్టినా మళ్లీ వచ్చిందండీ" అని చాలామంది అంటారు. మళ్లీ రావడం కాదు, లోపలున్నదే బయటికొచ్చింది. వారం లోపు రెండోసారి కొట్టాలి, మొదట్లో వేప పిండి కూడా వేయాలి. ఎందుకంటే ఇది కోశ దశకి నేలలోకి దిగుతుంది.

2021-22లో మిరప తోటలు పీకించిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూలల్లో ఉంటుంది. ఆడది నల్లగా, మగది పసుపుగా ఉంటాయి. తెల్ల కాగితం మీద పూత తట్టి చూసినప్పుడు పసుపువే పడ్డాయని ధీమాగా ఉండకండి.

ఇక కాయ తొలిచే లద్దె పురుగు. దీనికి రెండు గట్టి దవడలు, కొరికి నములుతుంది. అందుకే ఆకు మీద పడ్డ మందు కడుపులోకి పోతుంది. బీటీ బాక్టీరియా పనిచేసేది అలాగే. సూదిలాంటి నోటితో లోపలి రసం పీల్చే పేనుబంక, పచ్చదోమల మీద బీటీ కొడితే నీళ్లు చల్లినట్టే. వాటికి ఒంటికి తగిలేదే కావాలి. పిండినల్లి అయితే ఒళ్లంతా మైనం పూత, కుంకుడు రసమో సబ్బు నీళ్లో కలపకపోతే కషాయం జారిపోతుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది వేరే ఉంది. అక్షింతల పురుగు పిల్ల నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా ఉంటుంది. లద్దె పురుగనుకుని నలిపేస్తున్నారు. రోజుకి పదుల కొద్దీ పేనుబంక తినే పిల్ల అది! లద్దె పురుగుకి ముందున్న ఆరు కాళ్లు కాక పొట్ట కింద మెత్తటి కండ కాళ్లు జతలుగా ఉంటాయి. అక్షింతల పిల్లకి ఆ జతలుండవు, పొడుగాటి ఆరు కాళ్లతో పరిగెడుతుంది. అల్లిక రెక్కల పురుగు పిల్లకైతే తల ముందుకి కొడవళ్లలా రెండు దవడలు పొడుచుకొచ్చి ఉంటాయి. పేనుబంక గుంపు మధ్య కాళ్లే లేని జలగలాంటిది కనపడితే అది సిర్ఫిడ్ ఈగ పిల్ల, అదీ మన జట్టే. పెద్దయ్యాక తేనెటీగలా కనిపిస్తుంది కానీ రెక్కలు రెండే, తేనెటీగకి నాలుగు.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందు చూడండి. ఎకరంలో నాలుగు మూలలా, నడిమధ్యా మొత్తం పాతిక మొక్కలు. పై ఆకు, కింది ఆకు, పువ్వు. పేనుబంకతో పాటు అక్షింతల పిల్లలు బాగానే కనిపిస్తే ఆ రోజుకి స్ప్రేయరు కిందపెట్టి, మూడు రోజులాగి మళ్లీ లెక్కపెట్టండి.