నైట్ షిఫ్టుకు నెట్ నిలవాలంటే

నిజామాబాద్‌లో ఐటీ టవర్ 2023 ఆగస్టులో మొదలైంది. అయినా జిల్లాలో ఉంటూ హైదరాబాద్ కంపెనీకో అమెరికా క్లయింటుకో పనిచేసే చాలామందికి ఆఫీసంటే పడకగదిలో ఒక మూల. ఇదే జిల్లాలోని బోధన్‌లో ఒకప్పుడు షిఫ్టు డ్యూటీ అంటే నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీదే. 2015 చివర్లో అది మూతపడింది. ఇప్పటి షిఫ్టు సాయంత్రం ఆరున్నరకు ల్యాప్‌టాప్ తెరిస్తే మొదలవుతుంది. ఈ డ్యూటీ చేసేవాళ్లు 100 ఎంబీపీఎస్సా, 200 ఎంబీపీఎస్సా అని బేరమాడేముందు, రాత్రి తొమ్మిదింటికి లైన్ తెగితే ఎవరొస్తారో తేల్చుకోవాలి.

వేగం ఇప్పుడు అంత పెద్ద బెంగ కాదు. 2023 జనవరి దాకా మన దేశంలో 512 కేబీపీఎస్ వచ్చినా బ్రాడ్‌బ్యాండే. ఆ తర్వాత కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలన్నారు. వీడియో మీటింగుకు నాలుగైదు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు. అయితే అప్‌లోడ్ కూడా చూడండి, మీ గొంతు అవతలివాళ్లకు చేరేది దానిమీదే. స్పీడ్ టెస్టు మధ్యాహ్నం పెట్టుకుని మురిసిపోవద్దు. గల్లీ అంతా సీరియళ్లు, క్రికెట్టు చూసే రాత్రి ఎనిమిది, పది మధ్య, ల్యాన్ వైరు పెట్టి చూడండి. వైరుతో బాగుండి వైఫైలో నత్తనడక నడిస్తే గోడలను అనుమానించాలి. రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి పని బల్ల దగ్గరికి తెస్తే సగం గొడవ తీరుతుంది.

అసలు గొడవ తెగడంతోనే. కనెక్షన్ తీసుకునేముందే కేబుల్ అబ్బాయిని నిలబెట్టి అడగండి: "తమ్మీ, లైన్ మా గల్లీకి ఎటునుంచి వస్తది? తెగితే జాయింట్ మిషన్ ఇక్కడే ఉందా, నిజామాబాద్ నుంచి రావాల్నా? రాత్రి ఫోన్ ఎత్తుతరా?" ఫైబర్ అంటే వెంట్రుకంత గాజు పోగు. కరెంటు తీగలా మెలిపెట్టి టేపు చుడితే అతకదు, కొసలు కరిగించి అతికే మిషన్ కావాలి. ఆ మిషన్, అది తెలిసిన మనిషి పాతిక కిలోమీటర్ల అవతల ఉంటే బోధన్ దాటి రెంజల్ వైపున్న ఇంటికి తెల్లారేదాకా దిక్కులేదు. కోతల కాలంలో ఎత్తుగా గడ్డి నింపుకున్న ట్రాక్టరు, గాలివాన, రోడ్డు పక్క జేసీబీ ఎప్పుడైనా లైన్ తెంపొచ్చు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి మనుషులు పోయాక, విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లు కత్తిరిస్తే రాజధానిలోనే ఇళ్లకు నెట్ పోయింది.

అందుకే రెండో కనెక్షన్ కావాలంటాను, కానీ రెండో ఫైబర్ కాదు. పేర్లు వేరైనా రెండూ ఒకే స్తంభం మీద వస్తే ఒక్క దెబ్బకు రెండూ పోతాయి. వేరే కంపెనీ సిమ్‌తో 4జీయో 5జీయో పెట్టుకోండి. మీ గదిలో ఏ సిగ్నల్ నిలుస్తుందో రాత్రిపూటే చూడండి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ తప్పనిసరి. కరెంటు చాలాసేపు పోతే మొబైల్ టవర్ బ్యాటరీ కూడా దిగిపోవచ్చు. అలాంటి రాత్రికి నిజామాబాద్‌లో ఏ చుట్టాలింట్లో కూర్చుంటారో మేనేజరుకు ముందే చెప్పి ఉంచండి. కాల్ మధ్యలో మాయమై తర్వాత కారణాలు చెబితే ఎవరూ నమ్మరు.

నెట్ పోగానే రౌటర్ ఆపి వేస్తూ కూర్చోకుండా డబ్బా మీది లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ ఎర్రగా వెలిగితే వెలుగు మీ ఇంటిదాకా రావడంలేదన్నమాట. ముందు పసుపు వైరు తలుపు సందులో నలిగిందేమో, మేకు దగ్గర మడత పడిందేమో చూడండి. అక్కడేమీ లేకపోతే తెగింది బయట. వెంటనే కంప్లైంట్ పెట్టండి.

కేబుల్ అబ్బాయికి వాట్సాప్ చేస్తే కంప్లైంట్ అయిపోయినట్టు కాదు. కంపెనీ కాల్ సెంటర్‌లో డాకెట్ నంబర్ తీసుకోండి. తీరకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు విచారించదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం కేసులు ఈ కమిషన్లు వినొచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది.

వీటన్నిటికీ బిల్లు కావాలి. మన దగ్గర చాలా కనెక్షన్లు ఇంటి ఓనరు పేరు మీదే నడుస్తాయి, డబ్బులు ఫోన్‌పేలో కేబుల్ అబ్బాయికి పోతాయి. కనెక్షన్ మీ పేరుకు మార్పించి, జీఎస్టీ బిల్లు మెయిల్‌కు తెప్పించుకోండి. ఇంటర్నెట్ అలవెన్సుకు హెచ్‌ఆర్ అడిగేదీ మీ పేరున్న ఆ బిల్లే.