బడికి ముందు, బడి తర్వాత: హాస్టల్లో పెద్ద పిల్లల వేళలు

వార్షికోత్సవ సంచికల్లో చదువు గురించి, క్రమశిక్షణ గురించి, పదో తరగతి ఫలితాల గురించి వ్యాసాలు వస్తూనే ఉంటాయి. పొద్దున బడికి వెళ్ళేముందు, సాయంత్రం బడి నుండి వచ్చాక మిగిలే వేళల గురించి రాసేవారు తక్కువ. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు చదువులో నిలబడతారా లేదా అన్నది చాలావరకు ఆ వేళల్లోనే తేలిపోతుందని నా అభిప్రాయం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పరిస్థితులను దృష్టిలో పెట్టుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

ముందు ఒక లెక్క

హాస్టల్ విద్యార్థి ఉదయం 5 గంటలకు లేచి, రాత్రి 9.30కి పడుకుంటాడనుకుందాం. అంటే 16 గంటల 30 నిమిషాలు మెలకువగా ఉంటాడు. బడికీ, రాకపోకలకూ కలిపి 7 గంటల 30 నిమిషాలు తీసేస్తే 9 గంటలు మిగులుతాయి. అందులో స్నానం, భోజనం, బట్టలు ఉతుక్కోవడం వంటి వాటికి 3 గంటలు, స్టడీ అవర్లకు 3 గంటలు పోయినా ఇంకా 3 గంటలు ఖాళీ. వారానికి ఆరు రోజులకు 18 గంటలు. ఆదివారం లెక్కలోకి రానేలేదు.

చిన్న పిల్లలకు ఈ ఖాళీ ఒక సమస్య కాదు. ఐదో తరగతి పిల్లవాడికి ఒక బంతి ఇస్తే చీకటి పడేదాకా ఆడుకుంటాడు. తొమ్మిదో తరగతి అబ్బాయి మాత్రం గోడకు ఆనుకొని నిలబడతాడు. కాసేపటికి గేటు దాటుతాడు, లేదా ఎవరిదో ఒక సెల్ ఫోను చుట్టూ చేరతాడు. వాడికి ఆటలంటే ఇష్టం లేక కాదు. చిన్నపిల్లలతో కలిపి వరుసలో నిలబెట్టి ఆడమంటే నామోషీ.

దీనికి కారణం ఏమిటి?

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ పిల్లలు ఏం చేస్తారో చూస్తే కారణం తెలుస్తుంది. మదనపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో టమోటా తోటల్లో కాయలు కోస్తారు. నీరుగట్టువారిపల్లెలో మగ్గం ఉన్న ఇళ్ళలో కండెలు చుడతారు. పుంగనూరు వైపు ఆవులను మేపి, పాలు డెయిరీకి పోసి వస్తారు. కుప్పం వైపు అమ్మానాన్నలు బెంగళూరుకు పనికి పోతే ఇంటి తాళం, తమ్ముళ్ళ బాధ్యత పెద్ద పిల్ల చేతికి వస్తుంది.

అంటే ఇంటి దగ్గర వాళ్ళను నమ్మి ఆవును అప్పగిస్తారు, డబ్బు అప్పగిస్తారు, చంటిబిడ్డను అప్పగిస్తారు. హాస్టల్‌కు రాగానే "గొడవ చేయకుండా కూర్చో" అనడం తప్ప అప్పగించేది ఏమీ ఉండదు. ఇంట్లో పెద్దవాడు, హాస్టల్లో చిన్నవాడు. ఈ తేడా పిల్లవాడికి బాగా తెలుస్తుంది. అందుకే సంక్రాంతికి ఇంటికి వెళ్ళినవాడు తిరిగి రాడు. పనిలో నాలుగు డబ్బులు, నలుగురిలో మర్యాద కనిపిస్తాయి. ఆడపిల్ల తిరిగి రాకపోతే కొన్నాళ్ళకు పెళ్ళి కబురు వస్తుంది. ఖాళీ వేళ చిన్న విషయం కాదనడానికి ఇదే కారణం.

మన ప్రాంతం నేర్పిన పాఠాలు

దీనికి మార్గాలు ఎక్కడో వెతకనక్కరలేదు. మదనపల్లెకు దగ్గరలోని రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. వాటిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో, కార్డుల సహాయంతో, ఎవరి మెట్టు వారు ఎక్కుతూ చదువుకుంటారు. తెలిసినవాడు తెలియనివాడికి చెబుతాడు. వాళ్ళు జరిపే మెట్రిక్ మేళాలో పిల్లలే కొట్లు పెట్టి, తూచి, కొలిచి, లెక్క చెబుతారు. రిషి వ్యాలీ పాఠశాలలో మరొక అలవాటు కూడా ఉంది. సాయంత్రం విద్యార్థులు మౌనంగా కూర్చొని సూర్యాస్తమయం చూస్తారు. దానిని అస్తాచల్ అంటారు. ప్రతి నిమిషాన్నీ పనితో నింపనవసరం లేదని ఇది గుర్తు చేస్తుంది.

కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ (1999లో ప్రారంభమైంది) విజ్ఞాన ప్రయోగాలను వ్యాన్లలో బడులకు తీసుకువెళుతుంది. అక్కడ కొందరు విద్యార్థులే ప్రయోగం నేర్చుకొని తోటివారికి చేసి చూపిస్తారు. ఆపరేషన్ వసంత పేరుతో పల్లెల్లో సాయంత్రపు బడులు కూడా నడిపారు. ఆ ఊరి యువకులే చెప్పేవారు.

మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకు 1919లో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చారు. విద్యార్థులు, అధ్యాపకులు కూడిన ఒక పాటల సభలో జనగణమన పాడి వినిపించారు. మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరాలు రాశారు. ఫిబ్రవరి 28న టాగూర్ అక్కడే దాని ఇంగ్లీషు అనువాదం రాసి ఇచ్చారు. తరగతి అయిపోయాక కూడిన పాటల సభ ఎంత విలువైనదో దీనివల్ల తెలుస్తుంది.

ఎం.వి. ఫౌండేషన్ అనుభవం కూడా చెప్పుకోవాలి. పని మాని వచ్చిన పెద్ద పిల్లలను ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టకుండా, శిబిరాల్లో చదివించి వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసె అవార్డు లభించింది. పెద్ద పిల్లల వయసును గౌరవించడమే అందులోని కిటుకు.

హాస్టల్లో ఏం చేయవచ్చు?

1. ధరల బోర్డు: మదనపల్లె మార్కెట్లో టమోటా ధర రోజూ మారుతుంది. తొమ్మిది, పది తరగతుల వారు ఇద్దరు చొప్పున రోజూ ధర కనుక్కొని బోర్డు మీద రాయాలి. నెలాఖరుకు సగటు, మధ్యగతం కట్టి గ్రాఫు గీయాలి. సాంఖ్యక శాస్త్రం పాఠం దానంతట అదే వస్తుంది. ఇంట్లో నాన్న ఎందుకు నష్టపోయాడో కూడా అర్థమవుతుంది.

2. పెద్దల మాట: పుంగనూరు ఆవు ప్రపంచంలోని అతి చిన్న ఆవు జాతుల్లో ఒకటి. దాని మేత, జబ్బులు, నాటు వైద్యం గురించి ఊళ్ళో ముసలివాళ్ళను అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకోవచ్చు. రాసినవారి పేరుతో ఆ పుస్తకం హాస్టల్లోనే ఉండాలి.

3. మూడు భాషల పట్టిక: కుప్పం పిల్లల చెవిన తెలుగు, తమిళం, కన్నడం మూడూ పడతాయి. రోజుకు ఐదు మాటలు మూడు భాషల్లో రాస్తే ఏడాదికి పెద్ద పట్టిక అవుతుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది ఇలాంటి అధ్యయనానికే.

4. అరగంట పాఠం: పెద్ద విద్యార్థి ఒకరు ముగ్గురు చిన్నవారికి ఎక్కాలో, చదవడమో నేర్పాలి. ముగ్గురికి మించకూడదు. చెప్పేవాడికే పాఠం ముందు వస్తుంది.

5. ఆడపిల్లల ఆట: సాయంత్రం చీకటి పడుతుందని అమ్మాయిలను గదుల్లోనే ఉంచుతారు. ప్రహరీ లోపల ఉన్న కొద్ది స్థలంలోనైనా వాలీబాల్, కబడ్డీకి రోజూ ఒక గంట వారికే కేటాయించాలి.

6. ఖాళీగా ఉండే హక్కు: రోజుకు ఒక అరగంట ఎవరూ ఏమీ చెప్పకూడదు. ఉత్తరం రాసుకున్నా, ఊరికే కూర్చున్నా అది వారి ఇష్టం.

మూడు జాగ్రత్తలు

బాధ్యత వేరు, చాకిరీ వేరు. మన ప్లేటు మనం కడుక్కోవడం, మన గది మనం ఊడ్చుకోవడం మంచిదే. సిబ్బంది చేయవలసిన వంట పని, మరుగుదొడ్ల పని పిల్లల మీద పెట్టరాదు. మన తాతముత్తాతల చేత ఊరు బలవంతంగా చేయించిన పనులనే "క్రమశిక్షణ" అని పేరు మార్చి మన చేత చేయించడం తగదు.

రెండవది, పెద్ద విద్యార్థికి పని అప్పగించాలి గాని బెత్తం అప్పగించకూడదు. లీడరు కొట్టడం మొదలుపెడితే చిన్నపిల్లలు హాస్టల్‌కే భయపడతారు.

మూడవది, పని ఎంచుకునే వీలు ఉండాలి. ఆరు పనుల్లో ఒకటి ఎంచుకొని, నెల రోజులు చేసి, నచ్చకపోతే మార్చుకోవచ్చు. బలవంతంగా చేయిస్తే అది మరో స్టడీ అవర్ అవుతుంది.

ముగింపు

పైన చెప్పిన వాటికి పెద్ద ఖర్చు లేదు. ఒక బోర్డు, సుద్దముక్కలు, నాలుగు నోటు పుస్తకాలు, ఒక బంతి చాలు. కావలసిందల్లా వార్డెన్ గారు పెద్ద పిల్లలను కూర్చోబెట్టి "ఇది మీది, మీరే చూసుకోండి" అని చెప్పడం. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా ఎవరో చెప్పేదాకా ఆగకుండా, ఈ వారమే ఒక పనిని ఎంచుకొని అడిగి తీసుకోవాలి. సంక్రాంతి సెలవుల తర్వాత ధరల బోర్డు రాయడానికి మనిషి కావాలి కదా! తన కోసం హాస్టల్లో ఒక పని ఎదురుచూస్తోందని తెలిసిన పిల్లవాడు తిరిగి బస్సెక్కుతాడు.